మేడ మీద కూరగాయల తోట – 3వ పాఠం: రథసప్తమి విత్తు, ఉగాది పిందె

రథసప్తమినాడు పరమాన్నం పెట్టడానికి చిక్కుడాకులు కోశాక ఆ పాదు పని దాదాపు అయిపోయినట్టే. పేనుబంక పడుతుంది, కాయ గిడసబారుతుంది, ఆకు పండిపోతుంది. విజయవాడ, గుంటూరు మేడల మీద సరిగ్గా అప్పుడే బీర, కాకర, సొర, దోస పెట్టుకోవాలి. మాఘ శుద్ధ సప్తమి నుంచి చైత్ర శుద్ధ పాడ్యమికి, మధ్యలో అధికమాసం పడని ఏడాది, సుమారు 53 రోజులు. బీర, కాకర విత్తిన 40–45 రోజులకు ఆడపూలు చూపిస్తాయి. సొరకు మరో వారం పది రోజులు పడుతుంది. దోస అన్నిటికంటే ముందు, నెల దాటగానే పూస్తుంది. రథసప్తమికి విత్తితే ఉగాదికి పందిరి కింద పిందెలు చూడొచ్చు.

ఈ తేదీని గట్టిగా పట్టుకోమనడానికి కారణం ఉంది. ఎండ 35 డిగ్రీలు దాటి, పగలు పొడుగయ్యేకొద్దీ ఈ జాతి తీగలు మగపూలే ఎక్కువ పూస్తాయి. ఆ వేడికి పుప్పొడి కూడా సత్తువ కోల్పోతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక మన దగ్గర ఎండ ముదరడానికి ఎంతో కాలం పట్టదు. మార్చి నెలాఖరుకే 35 దాటే రోజులు మామూలు. ఉగాది వెళ్ళాక విత్తిన పాదు మే నెలలో పూతకొస్తుంది. అప్పుడు తీగ సాగుతుంది, ఆకు పచ్చగానే ఉంటుంది, కాయ మాత్రం పడదు. అదే మాఘంలో విత్తిన పాదైతే ఎండలు ముదిరేసరికి పందిరంతా కమ్మి, తన కుండీకి తనే నీడ పడుతుంది.

పాత పాదు తీయడం

చిక్కుడును వేళ్ళతో సహా పీకకండి. మట్టి మట్టానికి కోసేయండి. వేళ్ళ బుడిపెల్లో ఉన్న నత్రజని మట్టిలోనే కుళ్ళి తర్వాతి పాదుకు అందుతుంది. కోసిన తీగను మాత్రం పందిరి మీద ఎండబెట్టకుండా ఆ రోజే దించేయాలి, లేకపోతే పేనుబంక కొత్త మొక్కల మీదికి దిగుతుంది. కుండీలో పై 4 అంగుళాల మట్టి గుల్లచేసి, 2 గుప్పెళ్ళు బాగా మాగిన పశువుల ఎరువు, 1 గుప్పెడు వేపపిండి కలిపి తడపండి. దాన్ని 10 రోజులు అలా వదిలేయాలి. వేపపిండి మట్టిలో కుళ్ళేటప్పుడు పుట్టే వేడికి లేత వేరు తట్టుకోలేదు. ఆ 10 రోజులూ వృథా పోకుండా విత్తనాలను విడిగా కప్పుల్లో మొలిపించుకుంటాం.

కొత్తగా కుండీ నింపేవాళ్ళకు 2వ పాఠంలోని కొలతే: ఎర్రమట్టి 2 పాళ్ళు, మాగిన ఎరువు 1 పాలు, తడిపి పిండిన కొబ్బరిపొట్టు 1 పాలు. గుంటూరు వైపు సులువుగా దొరికేది నల్లరేగడి. పొలంలో దానికి సాటి లేదు కానీ కుండీలో అది ఎండగానే ముడుచుకుని అంచుల నుంచి విడిపోతుంది. పోసిన నీళ్ళు ఆ సందులోంచి కిందికి జారిపోతాయి, నడుమ వేరు ఎండిపోతుంది. కింద నీళ్ళు కారుతున్నాయి కదా అని తడి చాలిందనుకుంటాం. నల్లమట్టి తప్ప గతి లేకపోతే దాన్ని మొత్తంలో పావు వంతు మించనివ్వకండి. కాలవగట్టు ఒండ్రుది మరో ఇబ్బంది: మెత్తటి రేణువులు నీళ్ళు పోసేకొద్దీ బిగుసుకుని వేరుకు గాలి ఆడదు.

బీర, కాకర, దోసలకు 20 లీటర్ల పెయింటు బకెట్టు సరిపోతుంది, ఒక్కో బకెట్టులో ఒక్కటే మొక్క. సొరకు 40 లీటర్లకు తగ్గితే పిందె నిలవదు. తడిమట్టి నిండిన 20 లీటర్ల బకెట్టు 25 కిలోల దాకా తూగుతుంది. కాబట్టి వాటిని 1వ పాఠంలో గుర్తుపెట్టుకున్న బీముల వెంటే, ఇటుకల మీద ఎత్తుపెట్టి ఉంచండి.

నానబెట్టడం, విత్తడం

దోస గింజలు 4–6 గంటలు, బీర, సొర 8–12 గంటలు, కాకర 24 గంటలు గోరువెచ్చటి నీళ్ళలో నానాలి. కాకర పెంకు మందం. నానబెట్టే ముందు నెయిల్ కట్టర్‌తో గింజ మొన దగ్గర పెంకు కొద్దిగా తుంచండి, లోపలి పప్పుకు తగలకూడదు. ఇలా చేయకుండా విత్తి, రెండు వారాలు చూసి, విత్తనాలు చచ్చుపుచ్చువని పారేసేవాళ్ళు ఎందరో.

నానిన గింజలను తడిపి పిండిన నూలుగుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి వంటింట్లో వెచ్చటి చోట ఉంచండి. రోజుకోసారి గుడ్డ విప్పి గాలి తగలనివ్వాలి. దోస, బీర, సొర 2–4 రోజుల్లో తెల్లటి వేరు చూపిస్తాయి, కాకరకు వారం పట్టవచ్చు. పాత విత్తనాలైతే ముందు 10 గింజలే ఇలా పెట్టి చూడండి. 6 కంటే తక్కువ మొలిస్తే కొత్త ప్యాకెట్టు కొనడమే మేలు.

ఈ జాతికి వేరు కదిలితే పడదు. అందుకే మొలకను 200 మిల్లీలీటర్ల కాగితపు గ్లాసులో పెట్టి, తర్వాత గ్లాసుతో సహా కుండీలోకి దించుతాం. గ్లాసు అడుగున 3 చిల్లులు పొడిచి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సమపాళ్ళుగా నింపండి. ఆ మిశ్రమాన్ని పిడికిట పిండితే ముద్ద కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు రాకూడదు. అంతకన్నా తడి ఉంటే గింజ కుళ్ళుతుంది. వేరు కిందికి ఉండేలా అర అంగుళం లోతున పెట్టి మట్టి కప్పండి. మరీ పైపైన పెడితే మొలక పెంకును తలమీద మోసుకునే లేస్తుంది, తొలి రెండాకులు విచ్చుకోవు. అప్పుడు బలవంతంగా లాగితే ఆకులే ఊడతాయి. పెంకు మీద నీటిచుక్క వేసి, పది నిమిషాలు నాననిచ్చి, మెల్లగా తప్పించండి. ఉడతలు తిరిగే మేడ అయితే గ్లాసుల మీద తీగబుట్ట బోర్లించక తప్పదు.

నీడలో ఉంచితే మొలక సన్నగా సాగి పడిపోతుంది. పైకి లేచిన రోజు నుంచే ఉదయపు ఎండ 4 గంటలైనా తగలాలి. తొలి జత ఆకుల తర్వాత గరుకాకులు రెండు రాగానే, సుమారు 10–12 రోజులకు, గ్లాసు అడుగు కత్తిరించి, పక్కన నిలువునా ఒక గాటు పెట్టి, సాయంత్రం పూట కుండీలో దించండి. గ్లాసు అంచు మట్టిపైకి తేలితే అది తడిని పీల్చి గాలికి వదిలేస్తుంది. అంచు చింపేయండి.

ఆ వారమే ఎర్ర పెంకు పురుగు వస్తుంది. లేత ఆకులకు గుండ్రటి చిల్లులు కనిపిస్తే అదే. తెల్లవారుజామున మంచుకు అది మందకొడిగా ఉంటుంది, చేత్తో ఏరి సబ్బునీళ్ళలో వేయొచ్చు. ఆకుల మీద పలచగా కట్టెబూడిద చల్లినా దగ్గరికి రాదు. ఒక హెచ్చరిక: బూడిద తెగులుకు వాడే గంధకం మందులను తీగజాతి మీద కొట్టకూడదు, ఆకులు మాడిపోతాయి.

తీగ, చివురు

6 అడుగుల ఎత్తున పందిరి చాలు. అంతకు మించితే పూలు చేతికందవు, ఈ పాఠంలో మనకు చేతితో పని ఉంది. సరుగుడు బాదులు నాలుగు మూలలా కట్టి, పైన నైలాన్ వలను బిగువుగా పరచండి. కుండీ నుంచి వలదాకా ఒక పురికొస. ఇనుపతీగ వద్దు, ఏప్రిల్ ఎండకు అది కాలి నులితీగలను మాడుస్తుంది.

సొర, దోస, కాకరల్లో ఆడపూలు ఎక్కువగా పక్కతీగల మీద వస్తాయి. అందుకని ప్రధాన తీగను పెరగనిచ్చి, అది పందిరి అందుకోగానే చివురు తుంచాలి. గణుపుల్లోంచి పక్కతీగలు వస్తాయి. వాటిలో కింది 2 అడుగుల్లో వచ్చినవి తీసేసి, పైన బలమైనవి 3–4 ఉంచండి. బీరకు ఈ తుంచుడు అక్కర్లేదు. ఒకే గణుపులో మగపూల గుత్తి, దాని పక్కనే ఒంటరి ఆడపువ్వు పెట్టే గుణం దానిది.

ఈ దశలో ఎరువు అతిగా వేస్తే, ముఖ్యంగా వేరుశనగ చెక్క నీళ్ళు వారానికి రెండుసార్లు పోస్తే, ఆకు విచ్చలవిడిగా పెరిగి పూత వెనకబడుతుంది. 100 గ్రాముల చెక్కను లీటరు నీళ్ళలో 3 రోజులు నానబెట్టి, పదింతలు నీళ్ళు కలిపి, కుండీకి అర లీటరు చొప్పున 15 రోజులకోసారి పోస్తే చాలు. పూత మొదలయ్యాక దానికి తోడు గుప్పెడు కట్టెబూడిద మొక్క మొదట్లో చల్లండి. మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉండి కుండీ అంచున తెల్లపొర కడుతుంటే బూడిద మానేసి వర్మీకంపోస్టే వేయండి.

ఏ పువ్వు ఎప్పుడు

తొలి వారం పది రోజులు మగపూలే పూసి రాలిపోతాయి, కంగారు అక్కర్లేదు. ఆడపువ్వు కింద వేలెడైనా లేని పిందె ఉంటుంది, మగపువ్వు కింద ఉత్త కాడే.

పల్లెలో ఈ పిందె కట్టే పనంతా తేనెటీగలు, రాత్రి రెక్కల పురుగులు చేసిపెడతాయి. నాలుగైదు అంతస్తుల మీద వాటిని నమ్ముకోలేం. మనమే పుప్పొడి అంటించాలంటే పువ్వు వేళ తెలియాలి. కాకర, దోస తెల్లవారుతూనే విచ్చుకుంటాయి, వాటి పని 9 గంటల లోపు ముగించాలి. బీర సాయంత్రం 5 దాటాక విచ్చుకుంటుంది. సొర తెల్లపువ్వు పొద్దుగుంకే వేళ విచ్చుకుని రాత్రంతా ఉంటుంది. కాఫీ తాగి పొద్దున్నే మేడెక్కి ఈ నాలుగింటికీ ఒకేసారి పుప్పొడి అంటించబోతే బీర, సొర పువ్వులు అప్పటికే వడలిపోయి ఉంటాయి. బీరకు, సొరకు సాయంత్రం దీపం వేళ మళ్ళీ పైకి రావాల్సిందే.

అదే పూట విచ్చుకున్న మగపువ్వును కోసి, రేకులు తీసేసి, నడిమి కాడను వేలితో తాకండి. పసుపు పొడి అంటితే పనికొస్తుంది. ఆ కాడను ఆడపువ్వు నడుమనున్న ముద్ద మీద చుట్టూ మెత్తగా రాయండి. ఒక్కో ఆడపువ్వుకు రెండు మగపూలు వాడితే కాయ వంకర పోకుండా నిండుగా వస్తుంది. కాడకు రంగుదారం కడితే ఏది ఎప్పుడు అంటించారో తెలుస్తుంది.

పిందె చెప్పే కబురు

3–4 రోజుల్లో పిందె మొన నుంచి పసుపు తిరిగి ముడుచుకుంటే పుప్పొడి అందలేదు. కాయ ఒకవైపు ఉబ్బి ఒకవైపు సన్నగా ఉంటే అరకొరగా అందింది. పుప్పొడి బాగా అంటి, కాయ పెరుగుతూ ఉన్నట్టుండి రాలితే నీళ్ళ ఎడాపెడాను చూడండి: ఒకరోజు ఎండబెట్టి, మర్నాడు ముంచెత్తిన కుండీలో ఇలా జరుగుతుంది. మార్చిలో పొద్దున ఒకసారి, కింది చిల్లుల్లోంచి చెమ్మ కనిపించేదాకా పోయాలి. వేలు 2 అంగుళాలు దించితే సాయంత్రానికీ తడి తగలాలి.

పిందె మీద సూదిపోటు లాంటి మచ్చ, దాని మీద జిగురు చుక్క కనిపిస్తే పండు ఈగ గుడ్లు పెట్టింది. దానికి మందు లేదు, కాయ కోసేయడమే. కోసినదాన్ని కంపోస్టు తొట్లో వేయకండి. పురుగు మట్టిలోకి దిగి ఈగై మళ్ళీ వస్తుంది. పాలిథిన్ సంచిలో మూతి బిగించి వారం ఎండలో పడేయండి. పుప్పొడి అంటించిన మర్నాడే పిందెకు పల్చటి గుడ్డసంచి తొడిగితే ఈగ దరిచేరదు. మేడ మీద పాతిక కాయలకు ఇది కష్టమైన పని కాదు. మగ ఈగలను పట్టడానికి క్యూ లూర్ (వాసనతో వాటిని రప్పించే ఎర) బుట్ట ఒకటి పందిరికి కొంచెం ఎడంగా వేలాడదీయండి.

బీరకాయను పువ్వు పడ్డ 8–10 రోజులకు, సొరను 12–15 రోజులకు కోయాలి. ఆలస్యం చేస్తే తీగ తన సత్తువంతా గింజలకే ఇచ్చి కొత్త పిందె ఆపేస్తుంది. సొరకాయ కోశాక పచ్చిముక్క చిన్నది నాలుకకు తాకించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయాలి. ఆ చేదు వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికీ తెస్తుంది. ఉడికించినా విరగదు.

4వ పాఠం షేడ్ నెట్ గురించి. అప్పటికి పందిరి పొడవు, వెడల్పు కొలిచి, మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పడమటి గోడ నీడ ఎక్కడిదాకా వస్తుందో సుద్దతో శ్లాబు మీద గీసి ఉంచండి.