ముందు హైపో, తర్వాతే అసిటోన్

గురువారం సాయంత్రం ఎన్‌బీఎస్ (బ్రోమిన్ అందించే ఎన్-బ్రోమోసక్సినిమైడ్) రియాక్షన్ చేసిన ఆర్‌బీని, అంటే గుండ్రటి అడుగున్న ఫ్లాస్కుని, మా జూనియర్ అసిటోన్‌తో కడిగింది. కడిగినదంతా వేస్ట్ క్యాన్‌లో పోసి, మూత బిగించి హాస్టల్‌కి వెళ్లిపోయింది. రాత్రి ఏసీ లేదు. బయట రోహిణి కార్తె, లోపల మద్రాసు ఉక్క. శుక్రవారం పొద్దున మూత తీసిన అబ్బాయి కళ్లు తెరవలేక గోడ పట్టుకుని కళ్లు కడిగే ఐవాష్ దాకా వెళ్లాడు. చూపుకేం కాలేదు, అదృష్టం.

నెల్లూరు నుంచి, గుంటూరు నుంచి వేసవి ప్రాజెక్టులకి వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. గాగుల్స్, గ్లవ్స్ సంగతి మీకు తెలుసు, వదిలేస్తున్నా.

హాలోజన్ బంధంతో నడిచే రియాక్షన్ అనగానే ‘మెటల్ ఉత్ప్రేరకం లేదు కదా’ అని ధీమా వచ్చేస్తుంది. అసలు జరిగేదేమిటి? అయొడిన్ పరమాణువు కొసన ఎలక్ట్రాన్లు పలచబడిన చోటుంటుంది, సిగ్మా హోల్ అంటాం. అది కార్బొనైల్ (C=O) ఆక్సిజన్‌ని దాదాపు 180 డిగ్రీల గీతలో పట్టుకుని రియాక్షన్‌కి సిద్ధం చేస్తుంది, పనయ్యాక వదిలేస్తుంది. ఆ పట్టే హాలోజన్ బంధం. ఉత్ప్రేరకంగా వేసిన అయొడిన్ ఖర్చవదు. టీఎల్‌సీలో (రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చూసే పలక మీద) ప్రొడక్ట్ మచ్చ చూసి మీరు సంబరపడే వేళకి అది ఫ్లాస్కులోనే కూర్చుని ఉంటుంది. ఎన్‌బీఎస్, ఎన్‌ఐఎస్ (దానిలాగే అయొడిన్ అందించేది) లాంటివి ఎక్కువ వేస్తే మిగిలిందీ అంతే.

దానిమీద అసిటోన్ పోస్తే బ్రోమోఅసిటోన్, అయొడోఅసిటోన్ పుడతాయి. బ్రోమోఅసిటోన్ మొదటి ప్రపంచ యుద్ధంలో టియర్‌గ్యాస్‌గా వాడిన సరుకు. పోసిన వెంటనే ఏమీ కనపడదు, అదే మోసం. రియాక్షన్ నడిచేకొద్దీ ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లమే దాన్ని ఇంకా తొందరపెడుతుంది. వేసవి వేడి తోడైతే ఒక్క రాత్రి చాలు.

కాబట్టి ముందు హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం. అయొడిన్ అయితే గోధుమరంగు పోయేదాకా పోయండి. ఎన్‌బీఎస్ ద్రావణానికి రంగు ఉండకపోవచ్చు, కంటిని నమ్మకండి. స్టార్చ్-అయొడైడ్ కాగితం నీలమైతే ఇంకా మిగిలి ఉన్నట్టే. రియాక్షన్‌లో ఆమ్లం ఉంటే మొదట బైకార్బొనేట్ వేయండి, లేకపోతే హైపో నుంచి సల్ఫర్ డయాక్సైడ్ కొడుతుంది. తర్వాతే అసిటోన్.

మిగతావి వరసగా చెప్తా.

అయొడిన్ ఉన్నచోటికి అమ్మోనియా ద్రావణం తేవద్దు. నైట్రోజన్ ట్రైఅయొడైడ్ ఎండితే ఈక తగిలినా పేలుతుంది. ఎన్‌బీఎస్‌ని డీఎంఎఫ్ అనే ద్రావణిలో వేడి చేయొద్దు. పెర్‌ఫ్లోరోఆల్కైల్ అయొడైడ్ సీసా లేబుల్ చదవండి, చెడకుండా రాగి వేసి అమ్ముతారు. దాన్ని అలాగే వాడి ‘మెటల్-ఫ్రీ’ అని రాస్తే వైవాలో పరువు పోతుంది. స్టర్ బార్ (ఫ్లాస్కులో తిరిగే అయస్కాంతపు ముక్క) కొత్తది తీసుకోండి, పాతదానికి పలాడియం లోహం అంటుకుని ఉండొచ్చు. బేస్ (క్షారం) వేసి, పోల్చి చూసేందుకు ఒక కంట్రోల్ ప్రయోగం చేయండి, పని చేసింది హాలోజన్ బంధమో, చాటున పుట్టిన హెచ్‌ఐ (హైడ్రోజన్ అయొడైడ్) ఆమ్లమో తేలాలి. రియాక్షన్‌కి వెలుగిచ్చే బ్లూ ఎల్‌ఈడీ పక్కన, వేడెక్కకుండా, ఫ్యాన్ పెట్టండి. కరెంటు పోతే హుడ్ (పొగలు లాగేసే గూడు) తలుపు దించి బయటికి వచ్చేయండి, రోటా (ద్రావణిని ఆవిరి చేసే యంత్రం) మీద ఏమున్నా సరే. వేస్ట్ క్యాన్ మీద పేరు, తేదీ రాయండి. అసిటోన్ క్యాన్ వేరు, హాలోజన్ క్యాన్ వేరు.

హైపో సీసా ఖాళీ అయిందా? అయితే ఇవాళ రియాక్షన్ పెట్టొద్దు.