ప్యాకేజీ డిజైన్ ఎలా చేయాలి? ముందు కత్తెర, ఆ తర్వాతే కంప్యూటర్

ప్యాకేజీ డిజైన్ చేయమనగానే గ్రాఫిక్ డిజైన్ విద్యార్థులు చాలామంది కంప్యూటర్ ముందు కూర్చుని రంగులు, అక్షరాలు వెతకడం మొదలుపెడతారు. మొదటిసారి నేనూ అదే చేశాను. తెర మీద ముచ్చటగా కనిపించిన పెట్టెను అచ్చు వేసి మడిచాను. పై మూత మీద పేరు తలకిందులుగా ఉంది! అప్పటి నుంచి అట్ట, కత్తెర, స్కేలు దగ్గర లేకుండా పని మొదలుపెట్టడం లేదు.

మొదటి పని: వస్తువును చేతిలోకి తీసుకోవడం

పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. తూకం వేయండి. పగులుతుందా, కారుతుందా, తేమకు పాడవుతుందా, వెలుతురు తగిలితే రంగు మారుతుందా అని రాసుకోండి. ఏ పదార్థం వాడాలో ఈ జవాబులే చెబుతాయి.

రెండో పని: అంగడి అలమర ముందు నిలబడడం

అదే రకం సరుకులు ఉన్నచోట రెండు మీటర్ల దూరం నుంచి చూడండి. అన్నీ ఒకే రంగులో ఉన్నాయా? పేరు కన్నా ముందు కంటికి ఏది తగులుతోంది? కొనేవారు చాలాసార్లు పేరు చదవరు, గుర్తుపడతారు. 2009లో ట్రోపికానా తన నారింజ రసం డబ్బా మీద, స్ట్రా గుచ్చిన నారింజపండు బొమ్మను తీసేసి రసం గ్లాసు పెట్టింది. అమ్మకాలు పడిపోయాయి, వినియోగదారులు గొడవ చేశారు. కొద్ది వారాలకే పాత డబ్బా తిరిగి వస్తోందని ప్రకటించక తప్పలేదు. పాతదానికి మెరుగులు దిద్దే పని మీకు వస్తే, ఏది మార్చకూడదో ముందు తేల్చుకోండి.

మూడో పని: తెల్ల పెట్టె

తొందరపడకూడని చోటు ఇదే. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) బరువున్న తెల్ల అట్ట తీసుకోండి. వస్తువు కొలతలకు ప్రతి వైపూ ఒకటి రెండు మిల్లీమీటర్లు కలపండి, లేకపోతే లోపలికి దూర్చలేరు. నాలుగు గోడలను వరుసగా గీసి, చివర ఒకటిన్నర సెంటీమీటర్ల జిగురు అంచు వదలండి. ఆ అంచు మీద అతుక్కునే గోడను అర మిల్లీమీటరు తగ్గిస్తే పెట్టె వంకర పోదు.

మడత గీతల మీద స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీయండి. గీయకుండా మడిస్తే అట్ట పగులుతుంది, కాగితపు నారకు అడ్డంగా మడిచేచోట మరీను. నార ఎటు ఉందో తెలియాలంటే అట్టను రెండు వైపులా వంచి చూడండి, ఏ మడత సులువుగా లొంగితే నార ఆ మడత గీత వెంట నడుస్తున్నట్టు.

పెట్టెను నిలబెట్టాక, దాని మీదే పెన్సిల్‌తో ‘ముందు’, ‘వెనుక’, ‘మూత’ అని రాసి, ఏది పై దిక్కో బాణం గుర్తు వేయండి. ఇప్పుడు విప్పి పరిచి చూడండి. కొన్ని అక్షరాలు తలకిందులుగా, కొన్ని పక్కకు తిరిగి కనిపిస్తాయి. కంప్యూటర్‌లో వాటిని అలాగే పెట్టాలి. నా మూత కథకు మందు ఇదొక్కటే.

నాలుగో పని: డైలైన్

విప్పిన పెట్టె గీతల పటాన్నే డైలైన్ అంటారు. దాన్ని వెక్టర్ గీతలతో (ఎంత పెంచినా చెదరని గీతలతో) వేరే లేయరులో, అంటే విడి పొరలో ఉంచండి: కోతకు నిండు గీత, మడతకు తునకల గీత. కోత అంచు దాటి రంగును 3 మిల్లీమీటర్లు బయటకు పొడిగించండి, దీన్ని బ్లీడ్ అంటారు. అక్షరాలను మాత్రం అంచు నుంచి, మడత నుంచి కనీసం 3 మిల్లీమీటర్లు లోపల ఉంచండి. జిగురు అంచు మీద సిరా పడకూడదు, పడితే సరిగా అతుక్కోదు.

ఫైలు సీఎమ్‌వైకేలో (అచ్చుకు వాడే నీలి, గులాబీ, పసుపు, నలుపు సిరాల పద్ధతిలో), ఫొటోలు అసలు కొలతలో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. చిన్న అక్షరాలకు నలుపు సిరా ఒక్కటే వాడండి. నాలుగు సిరాలు కలిపిన నలుపు అయితే అచ్చులో ఏ ఒక్క సిరా వెంట్రుకవాసి పక్కకు జరిగినా అక్షరాలు మసకబారతాయి.

ఐదో పని: వెనుక గోడ

విద్యార్థులు ముందువైపు మీద వారం రోజులు గడిపి, వెనుకవైపును చివరి రాత్రికి వదిలేస్తారు. చట్టం అడిగే వివరాలకు, బార్‌కోడ్‌కు మొదటే చోటు కేటాయించండి. ఈఏఎన్-13 (సరుకుల మీద ఉండే 13 అంకెల) బార్‌కోడ్ ప్రామాణిక కొలత 37.29 × 25.93 మిల్లీమీటర్లు, 80 శాతం కన్నా కుదించకూడదు. రెండు పక్కలా ఖాళీ వదలాలి. తెలుపు మీద ఎర్ర గీతలు అసలు వద్దు. చాలా స్కానర్లది ఎర్ర కాంతి కాబట్టి వాటికి ఆ గీతలు కనిపించవు. సన్నని సీసా అయితే, గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉండేట్టు బార్‌కోడ్‌ను తిప్పండి.

ఆరో పని: మళ్లీ కత్తెర

అసలు కొలతలో అచ్చు తీసి, కత్తిరించి, అతికించి, వస్తువును లోపల పెట్టండి. సంగతి తెలియని ఒకరి చేతికి ఇచ్చి, మీరు నోరు మెదపకుండా చూడండి. ఎటు తెరవాలో వెతుక్కుంటే, మూత దగ్గర ఏదో మార్చాలి. అంతా కుదిరాక అక్షరాలను అవుట్‌లైన్లుగా (ఫాంట్ అవసరం లేని ఆకారాలుగా) మార్చి, పీడీఎఫ్‌తో పాటు మడిచిన నమూనాను కూడా ప్రెస్‌కు పంపండి. తెల్ల పెట్టెలను మాత్రం పారేయకండి. వాటి ఫొటోలు మీ పోర్ట్‌ఫోలియోలో పనికొస్తాయి.