పాత ఎయిర్ గన్ విప్పితే దొరికేవి: ఏది తీసెయ్యాలి, ఏది ఉంచాలి

పాత ఎయిర్ గన్ విప్పినప్పుడు లోపల దొరికిందాన్ని వెంటనే చెత్తబుట్టలో వెయ్యకండి. ముందు బల్ల మీద ఒక తెల్ల గుడ్డ పరచండి. బయటికి వచ్చిన వరసలోనే ఒక్కొక్క ముక్కా దాని మీద పెట్టుకుంటూ పోండి. చెత్తలా కనిపించేదాంట్లో సగం, ఒకప్పుడు ఎవరో చేసిన రిపేరు. ఏ ముక్క ఎక్కడ ఇరికించారో చూస్తే తుపాకీకి ఉన్న అసలు జబ్బు బయటపడుతుంది. వరస తప్పితే ఆ సంగతి ఇక తెలియదు.

నేను బాలానగర్‌లో లేత్ మీద పని చేస్తాను. జనవరి ఒకటిన నాంపల్లిలో నుమాయిష్ మొదలవుతుంది కాబట్టి, డిసెంబరు వచ్చిందంటే బుడగల స్టాళ్లవాళ్లు తుపాకులు మూటగట్టుకుని వస్తారు. మేడారం జాతర ఉన్న ఏడాది సంక్రాంతి ముందూ వెనకా ఇంకో విడత. ఇవి కాక, అటక మీద దొరికిందంటూ తాతల నాటి బ్రిటిష్ బీఎస్ఏ, జర్మన్ డయానా కంపెనీల తుపాకులు తెచ్చేవాళ్లున్నారు. స్టాలు తుపాకీలో దొరికేవి ఎక్కువగా అవసరం కొద్దీ పెట్టినవి. ఇంటి తుపాకీలో దొరికేవి పిల్లలు దూర్చినవి.

విప్పే ముందు రెండు పనులు. బ్యారెల్‌ని కీలు దగ్గర కిందికి వంచి, ఒక చేత్తో దాన్ని గట్టిగా పట్టుకునే మూతి వైపు నుంచి ఇత్తడి కడ్డీ దూర్చండి. చెయ్యి వదిలితే, అరిగిన ట్రిగ్గర్ జారి బ్యారెల్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. వేళ్లు మధ్యలో ఉంటే నలిగిపోతాయి. కడ్డీ అవతలికి రాలేదంటే లోపల ఏదో ఉన్నట్టే. కాల్చి చూద్దామనే ఆలోచన పెట్టుకోవద్దు. రెండోది, బోరు, అంటే బ్యారెల్ లోపలి వెడల్పు, ఎంతో కొలవండి. మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ దాటని ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. పాత బీఎస్ఏల్లో 5.5 బోరువి కూడా ఉంటాయి. అలాంటిది చేతికొస్తే విప్పడం ఆపి, కాగితాలు ఉన్నాయేమో ముందు ఇంటివాళ్లని అడగండి.

ఇక బ్యారెల్. స్టాలు తుపాకుల్లో ఎక్కువగా దొరికేది ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్న పెల్లెట్లు, అంటే సీసం గుళ్లు. స్ప్రింగు నీరసపడితే మొదటిది సగం దూరంలో ఆగిపోతుంది. బుడగ పగల్లేదని కుర్రాడు ఇంకోటి పెడతాడు, అదీ దాని వెనకే ఆగుతుంది. తీయడానికి మేకుతోనో సైకిల్ పుల్లతోనో పొడిచి ఉంటారు కూడా. మొనదేలిన దాంతో పొడిస్తే సీసం పక్కలకి విచ్చుకుని బ్యారెల్ లోపలి మెలి గీతల్లోకి ఇంకా బిగుసుకుంటుంది. చివర చదునుగా ఉన్న 4 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ తీసుకోండి. రెండు వైపుల నుంచీ పల్చటి ఆయిల్ చుక్కలు వేసి ఒక రాత్రి వదిలెయ్యండి. పొద్దున మూతి వైపు నుంచి చిన్న సుత్తితో నెమ్మదిగా తట్టండి. పాత సీసం మీద తెల్ల పొడి ఉంటుంది, అది విషం. పని అయ్యేదాకా చాయ్ ముట్టుకోవద్దు, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇంటి తుపాకుల బ్యారెల్‌లో పెసర గింజలు, అగరుబత్తి పుల్లలు, అగ్గిపుల్ల తలలు దొరుకుతాయి. ఆ తలలు అంటుకుంటాయి, అందుకోసమైనా బ్యారెల్‌ని గ్యాస్ మంట మీద పెట్టకండి. అటక మీద ఏళ్ల తరబడి ఉన్నవాటిలో కందిరీగ కట్టిన మట్టి గూడు కూడా ఉంటుంది, ఒక్కోసారి లోపల ఎండిన సాలీళ్లతో సహా. దాన్ని పొడిగా పొడవకండి, మట్టిలోని ఇసుక లోపలి గీతల్ని గీకేస్తుంది. నీళ్లతో నాననిచ్చి తోసి, వెంటనే గుడ్డతో ఆరబెట్టి ఆయిల్ పట్టించండి.

తర్వాత స్ప్రింగు, అంటే గొట్టంలో పిస్టన్‌ని ముందుకు తోసి గాలిని నొక్కేది. ఇక్కడ తొందర అస్సలు పనికిరాదు. తుపాకీ కాల్చేసి ఉన్నా లోపల స్ప్రింగు నొక్కుకునే ఉంటుంది. పిన్ను తీసిన క్షణంలో వెనక దిమ్మ ఎగిరి ముఖానికి తగలగలదు. నేను లేత్ మెయిన్ స్విచ్ ఆపేసి, గొట్టాన్ని బెడ్ మీద ఆనించి, టెయిల్ స్టాక్‌తో (చక్రం తిప్పితే ముందుకొచ్చే లేత్ చివరి భాగం) దిమ్మని నొక్కి పట్టి పిన్నులు కొడతాను. పిన్ను వచ్చాక చక్రాన్ని మెల్లగా వెనక్కి తిప్పుతూ వదులుతాను. లేత్ లేనివాళ్లకి వడ్రంగులు వాడే పొడవాటి క్లాంపు సరిపోతుంది. చేతి బలం మీద నమ్మకంతో మాత్రం చెయ్యకండి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి డయానా 27, 35 మోడళ్లు విప్పేవాళ్లకి ఒక హెచ్చరిక. ట్రిగ్గర్ దిమ్మలోంచి మూడు చిన్న ఉక్కు బాల్స్ రాలతాయి. ఎక్కడిదో బేరింగ్ పగిలి పడిందనుకుని పారేసేవాళ్లున్నారు. పిస్టన్ కడ్డీ గాడిలో పడి దాన్ని పట్టి ఉంచేవి ఆ మూడే. కింద ట్రే పెట్టుకుని విప్పండి. బిగించేటప్పుడు వాటిని గ్రీజుతో వాటి గూళ్లలో అతికిస్తే జారవు. రెండే దొరికాయంటే మూడోది దొరికేదాకా బిగించొద్దు.

స్ప్రింగుతో పాటు వచ్చేవాటిలో నాకు బాగా ఇష్టమైనది చిల్లు కాణీ. 1943 నుంచి 1947 దాకా వచ్చిన, మధ్యలో పెద్ద చిల్లున్న పైసా. ఒక పాత డయానాలో పిస్టన్ అడుగున, స్ప్రింగు కింద దొరికింది. పిస్టన్ కడ్డీ స్ప్రింగు మధ్యలోంచి వెళ్తుంది కాబట్టి మామూలు నాణెం అక్కడ పట్టదు, చిల్లున్నదే కావాలి. ఎవరో ఆ చిల్లుని ఆకురాయితో ఇంకాస్త వెడల్పు చేశారు. చిల్లు అంచు మీద రాపిడి గీతలు ఒకే వాలులో, చాలా ఓపిగ్గా ఉన్నాయి. ఒకవైపు కిరీటం బొమ్మ చెక్కుచెదరలేదు. రెండోవైపు స్ప్రింగు చివర తిరిగి తిరిగి ఒక మెరిసే వలయం పడింది. పని తెలిసిన చెయ్యి అది.

నాణెం దొరికిందంటే అర్థం ఒక్కటే: స్ప్రింగు కుంగింది, ఆ పొట్టితనాన్ని భర్తీ చేశారు. కొత్త స్ప్రింగు వేస్తే నాణెం తీసెయ్యాలి. పాత స్ప్రింగే ఉంచుతుంటే ముందు ఒక లెక్క చూడండి. 3 మిల్లీమీటర్ల తీగ, 30 చుట్లు అంటే పూర్తిగా నొక్కినప్పుడు 90 మిల్లీమీటర్లు. దానికి నాణెం మందం కలపండి. లోడ్ చేసినప్పుడు లోపల మిగిలే చోటు అంతకంటే ఎక్కువ ఉండాలి. లేకపోతే చుట్టు మీద చుట్టు ఆనిపోయి, ట్రిగ్గర్ పట్టుకోకముందే బ్యారెల్ ఆగిపోతుంది. బలవంతంగా లాగితే బ్యారెల్‌ని పిస్టన్‌కి కలిపే లింకు వంగుతుంది. పవర్ పెరుగుతుందని రెండు మూడు వాషర్లు వేసిన తుపాకులు కూడా వస్తాయి. వాటిలో స్ప్రింగు రెండు ముక్కలై, ఒకదానిలోకి ఒకటి స్క్రూలా ఎక్కి కనిపిస్తుంది. అలాంటిదాన్ని ఉంచుకోకండి.

పిస్టన్ ముందు తోలు వాషర్ ఉండాలి. దాని చోట ఎక్కువగా కనిపించేది సైకిల్ పంపు వాషర్. పిస్టన్ పాతిక మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉన్న తుపాకులకి అది దాదాపు సరిపోతుంది కూడా. అంచు చిరగకుండా, గొట్టానికి నాలుగు వైపులా సమంగా ఆనుతుంటే దాన్ని తీయను, ఆయిల్‌లో నానబెట్టి మళ్లీ వేస్తాను. చెప్పు తోలుతో కోసింది మాత్రం తీసేస్తాను, ఎందుకంటే దానికి గిన్నెలా నిలబడే అంచు ఉండదు. 1960, 70లలో వచ్చిన గిస్ పద్ధతి (జంట పిస్టన్ల) డయానాలు, వాల్తర్ మ్యాచ్ రైఫిళ్లలో వాషర్ ప్లాస్టిక్‌ది. అది కాలం గడిచి, బెల్లం పొడిలా రాలిపోయి ఉంటుంది. అది ఎవరో వేసిన చెత్త కాదు, వాషరే. గొట్టం నుంచి బ్యారెల్‌లోకి గాలి వెళ్లే సన్నటి రంధ్రంలో ఆ పొడి మిగలకుండా పుల్లతో తీయండి. గిస్ మోడళ్లలో ఎదురెదురుగా రెండు పిస్టన్లుంటాయి. వాటిని కలిపే పళ్ల చక్రాల గుర్తులు ఫొటో తీయకుండా కదిలించొద్దు.

జిగురుగా, గోధుమ రంగులో గడ్డకట్టి ఉందంటే అది వంటనూనె లాంటిదేదో పోసిన ఫలితం. కిరసనాయిలులో ముంచిన గుడ్డతో తుడిస్తే పోతుంది. పిస్టన్ ముందు భాగంలో కొత్తగా ఆయిల్ పొయ్యాలనిపిస్తే ఆగండి. గాలి ఒక్కసారిగా నొక్కుకున్నప్పుడు పుట్టే వేడికి ఆ ఆయిల్ అంటుకుంటుంది. పెద్ద చప్పుడు, పొగ వస్తాయి, చివరికి స్ప్రింగు విరుగుతుంది. నానబెట్టిన తోలుని గుడ్డలో ఒత్తి, చుక్క కారకుండా చేసి వెయ్యండి.

తుపాకీ చెక్క భాగం లోపల, ముందు స్క్రూల దగ్గర మడిచిన పేపర్ ముక్కలు, అగ్గిపెట్టె అట్టలు ఉంటే అక్కడ చెక్క చీలిందని అర్థం. పేపర్ మీద తేదీ ఉంటే ఆ రిపేరు ఎప్పటిదో ఇంచుమించుగా తెలుస్తుంది. చీలిక అంటించి, స్క్రూ కింద కొత్త వాషర్ వెయ్యండి. పేపరుని, నాణేన్ని ఒక కవర్లో పెట్టి తుపాకీతో పాటే ఇంటివాళ్లకి ఇవ్వండి, అవి వాళ్లవే.

బిగించాక పెల్లెట్ లేకుండా కాల్చకండి. గట్టి అడ్డు పెట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని పెల్లెట్‌తోనే చూడండి. మొదట్లో కాస్త పొగ వస్తుంది, భయం లేదు. పదిహేను ఇరవై పెల్లెట్ల తర్వాత కూడా వస్తూనే ఉంటే తోలులో ఆయిల్ ఎక్కువైనట్టే, మళ్లీ విప్పి ఒత్తాల్సిందే.