మనసు ఆకలి – ఆరవ పాఠం: ఆ నోటుపుస్తకం పాపాల చిట్టా కాదు

అందరికీ వందనాలు.

కడుపు ఆకలికి కాక మనసు ఆకలికి తినే మన సంఘాల వారి కోసం ఈ పాఠాలు. ఈ వారం కంచం ముందు కూర్చోవడం గురించి రాయాలనుకున్నాను. అది పక్కన పెడుతున్నాను. ఐదో పాఠంలో చెప్పిన నోటుపుస్తకం మీలో చాలామంది చేతుల్లో మరేదో అయిపోయింది. ముందు దాని సంగతి చూడాలి.

నేను అడిగినవి మూడు గడులు. ఎన్ని గంటలకు తిన్నారు, ఏమి తిన్నారు, తినబోయే ముందు మనసు ఎలా ఉంది. మొదటి రెండూ చక్కగా నింపారు. మూడో గడిలో ఒకామె వారం పొడవునా ఒకే మాట రాశారు: "పాపం". ఇంకొకరు "శరీరాశ" అన్నారు. మరొకరు "శోధన, మళ్లీ జంతికలు" అని రాశారు. ఒక తమ్ముడు ఆ గడి ఖాళీగా వదిలేసి పుస్తకం చివర మూడు పేజీల పశ్చాత్తాప ప్రార్థన రాశాడు. ఒక చెల్లెలు స్త్రీల కూడికలో పుస్తకం తెరిచి సాక్ష్యంలా చదివింది. అందరూ తల మీద చేతులుంచి ప్రార్థించారు. ఇంటికి వెళ్లి, దీపం కూడా వేయకుండా, డబ్బాలో మిగిలిన గులాబీ పువ్వులన్నీ తినేసింది. ఆ సంగతి మాత్రం పుస్తకంలో లేదు, విడిగా చెప్పింది.

తప్పు నాది. "నిజాయితీగా రాయండి" అన్నాను. చిన్నప్పటి నుంచి ఆదివారపు బడిలో పెరిగిన చెవికి ఆ మాట "ఒప్పుకో" అని వినబడుతుందని నాకు తట్టి ఉండాల్సింది. నేను ముప్పై ఏళ్లు నర్సుగా జ్వరం చార్టులు రాశాను. 102 ఉంటే 102 అని రాస్తాం. పక్కన "రోగి బలహీనుడు, బుద్ధి లేదు" అని రాయం. ఆ అంకె చూసే కదా తరువాత ఏం చేయాలో తెలిసేది!

పాపం అనేది తీర్పు. మూడో గడి అడిగేది తీర్పు కాదు, వాతావరణం. దిగులా, బెంగా, ఉక్రోషమా, అవమానమా, విసుగా? మన భాషలో ఇన్ని మాటలుంటే అన్నింటినీ "బాధ" అనే ఒక్క సంచిలో వేయకండి. అత్తగారు ఫోనులో మీ వంట గురించి ఆడపడుచుతో అనడం వినబడితే అది ఉక్రోషం. అబ్బాయి హాస్టలుకు వెళ్లిన పదో రోజు సాయంత్రం వచ్చేది బెంగ. ఆరాధన ముగిసి అందరూ జంటలుగా బండ్లెక్కి వెళ్లిపోయాక, తాళం చెవి వెతుక్కుంటూ మీరొక్కరే మెట్ల మీద నిలబడ్డప్పుడు ఉండేది ఒంటరితనం. మూడింటికీ చెయ్యి ఒకే మిక్చరు డబ్బా దగ్గరికి వెళ్తుంది, కానీ మూడింటికీ మందు ఒకటి కాదు.

నా అడ్డదారి చెబుతాను. నేను పుస్తకం పెట్టను. గోడ క్యాలెండరులో తేదీ పక్కన ఒక్క అక్షరం రాస్తాను: ది, బెం, ఉ, అ. అ అంటే అలసట. నైట్ డ్యూటీ రోజుల్లో నా క్యాలెండరు నిండా "అ"లే. తెల్లవారుజామున మూడింటికి నేను తిన్న బిస్కెట్లకు ఆకలితో గానీ ఆత్మీయ స్థితితో గానీ సంబంధం లేదు, నిద్రతో ఉంది. అది తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. అంతకాలం ఆ బిస్కెట్ల కోసం మోకాళ్ల మీద ఏడ్చాను.

"ఇదంతా లోకసంబంధమైన మనస్తత్వశాస్త్రం కదా, విశ్వాసికి ప్రార్థన చాలదా?" అని నలుగురు అడిగారు. దీని మీద ఎక్కువ సేపు ఆగను. పౌలు అంతటివాడు తిమోతి కడుపు జబ్బుకు ప్రార్థన చేసుకోమని ఊరుకోలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు (మొదటి తిమోతి 5:23). ఆ వచనం మన సంఘాల్లో ఎవరూ ప్రసంగించరు, అది వేరే సంగతి. ఇక మూడో గడి ఈనాటి వైద్యులు కనిపెట్టిందీ కాదు. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు (ఈజిప్టు) ఎడారిలో ఉన్న ఎవాగ్రియస్ అనే సన్యాసి మనిషిని వేధించే ఎనిమిది తలంపులను లెక్కపెట్టి, తిండిపోతుతనాన్ని మొదట ఉంచాడు. ఏ తలంపు ఏ వేళ వస్తుంది, దేని వెనుక ఏది వస్తుంది అని గమనించి పెట్టుకోమన్నాడు. అతిగా తినే అలవాటు ఉన్నవారు ఒకరికొకరు తోడుగా కూర్చునే ఓవరీటర్స్ అనానిమస్ 1960లో అమెరికాలో మొదలైంది. కోలుకోవడానికి వారు పాటించే పన్నెండు మెట్లు తాగుడు మానేవారి సంఘం నుంచి తీసుకున్నవి. ఆ సంఘం 1935లో పుట్టింది ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమపు నీడలో. లోకం ఎక్కడ మొదలై సంఘం ఎక్కడ ముగుస్తుందో గీత గీయబోతే మన సొంత పెరడే రెండు ముక్కలవుతుంది.

ఇక నన్ను నిజంగా విసిగించిన దానికి వస్తాను.

పుస్తకం చూసుకుని భయపడి, తిన్నదానికి బదులుగా ఉపవాసం ఉన్నవారు మీలో ఎంతమంది? నాకు తెలిసి ఏడుగురు. బుధవారం రాత్రి బిర్యానీ ఎక్కువ తిన్నారు, గురువారం ఏమీ ముట్టలేదు, శుక్రవారం ఎలాగూ ఉపవాస ప్రార్థన, కాబట్టి సాయంత్రం దాకా మంచినీళ్లే. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి ఏం జరిగిందో ఏడు పుస్తకాల్లోనూ ఒకటే ఉంది. పిండివంటల పేర్లే మారాయి. శనివారం పొద్దున మళ్లీ "పాపం".

ఇది భక్తి లోపం కాదు, శరీరం పని చేసే తీరు. 1944లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల మీద ఆకలి ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధంలో కరువు పాలైన జనానికి మళ్లీ ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం కోసం. వారు తమంతట తాము ముందుకు వచ్చినవారు, మనస్సాక్షి ఒప్పక తుపాకీ పట్టబోమన్నవారు. చాలామంది యుద్ధం వద్దనే క్రైస్తవ శాఖల వారు: క్వేకర్లు, మెన్నొనైట్లు, బ్రెదరన్ సంఘాల వారు. అంటే విశ్వాసంలో గానీ పట్టుదలలో గానీ మీకూ నాకూ తీసిపోయేవారు కాదు. 24 వారాలు వారికి రోజుకు ఇంచుమించు 1,570 క్యాలరీలు పెట్టారు. గమనించండి, సున్నా కాదు. మనలో కొందరు ఫోనులో చూసి పాటించే డైటు పట్టీల్లో అంతకన్నా తక్కువ ఉంటుంది. కొన్ని వారాలకే వారికి తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగేశారు. కంచాలు నాకారు. చిరాకు, దిగులు పట్టుకున్నాయి. ప్రయోగం అయ్యాక కొందరు కడుపు పగిలేలా తిని కూడా ఇంకా ఆకలిగా ఉందన్నారు.

ఇప్పుడు మీ శుక్రవారం రాత్రిని దాని పక్కన పెట్టి చూడండి. గురువారం కడుపు మాడ్చినందుకు శుక్రవారం శరీరం వసూలు చేసుకుంది. మీరు దాన్ని శోధన అన్నారు. శోధన గురువారం పొద్దున వచ్చింది, ఉపవాసం వేషంలో.

ఉపవాసం తప్పనడం లేదు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో నేనూ ఉంటాను. కానీ తిన్నందుకు జరిమానా కట్టే ఉపవాసం యెషయా 58లో దేవుడు అడిగిన ఉపవాసం కాదు. జమ్ములా తల వంచుకుని కూర్చోవడమా ఉపవాసం అని అక్కడ ఆయనే ఎద్దేవా చేస్తాడు, ఆకలిగొన్నవారికి నీ ఆహారం పెట్టమంటాడు. ఆకలిగొన్నవారి లెక్కలో గురువారం నాటి మీరు కూడా ఉన్నారు. పైగా జరిమానా కట్టేశాక సిలువకు ఇక పనేముంది? ఈ ప్రశ్న మీ కాపరి గారిని అడగండి, నాకన్నా బాగా చెబుతారు.

ఏలీయా ప్రవక్త సంగతి చూడండి (మొదటి రాజులు 19). బదరీవృక్షం కింద కూర్చుని చచ్చిపోతానన్న మనిషికి దూత ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు, నిద్ర, మళ్లీ రొట్టె. "ఇక్కడ ఏం చేస్తున్నావు?" అన్న ప్రశ్న హోరేబు చేరాకే వచ్చింది. పేతురు విషయంలోనూ అంతే. మూడుసార్లు యేసును ఎరగనన్నవాడికి ఒడ్డున చేపలు, రొట్టె సిద్ధంగా ఉన్నాయి. భోజనం అయ్యాకే ఆయన "నన్ను ప్రేమిస్తున్నావా?" అని అడిగాడు. ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే సీబీటీ అనే మానసిక చికిత్స చేసేవారు కూడా దాదాపు మొట్టమొదట చేయించేది ఇదే: వేళకు తిండి, నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపు వద్దు, లోపల ఏముందో తవ్వడం తరువాత.

వారితో నాకు పేచీ ఉన్నది ఒక్కచోట. "నిన్ను నువ్వు క్షమించుకో" అంటారు. అది నాకు నోట పలకదు. క్షమాపణ పుచ్చుకోవడమే నాకు తెలిసింది. మీకు ఆ మాట పనికొస్తే వాడుకోండి.

తిన్నది కక్కుకునేవారు, రహస్యంగా విరేచనాల మాత్రలు వేసుకునేవారు ఈ పాఠాలతో సరిపెట్టుకోకూడదు, డాక్టరును కలవాలి. ఎవరితో మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు. చక్కెర జబ్బుకు మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఏ ఉపవాసమూ చేయవద్దు.

అభ్యాసం. పద్నాలుగు రోజులు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి భోజనం, మధ్యలో రెండుసార్లు చిన్న తిండి. నేనైతే ఉడికించిన వేరుశనగలు అంటాను, మీ ఇష్టం. ముందు రాత్రి ఎంత తిన్నా సరే, పొద్దున టిఫిను మానకూడదు. మూడో గడిలో "పాపం", "బాధ" అన్న మాటలు నిషేధం.

రెండు శుక్రవారాలు ఉపవాసం లేదు. ప్రార్థనకు మాత్రం వెళ్లండి. ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పకండి, ఒంట్లో బాగాలేదనకండి. "ఈ రెండు వారాలు తింటున్నాను అక్కా" అంటే చాలు. మధ్యాహ్నం పన్నెండున్నరకు అన్నం. పెరుగూ పచ్చడితో సరిపెట్టడం కాదు, కూర కూడా ఉండాలి.