పాత పత్రికల్లో ‘గందరగోళం’ అర్థాన్ని పట్టుకోవడం ఎలా?

1950ల నాటి పత్రికల్లో ‘గందరగోళం’ కనిపించినప్పుడు, అది సభలో రేగిన అల్లరా, మనసులోని అయోమయమా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

విజయవాడ పాఠకులు 1952లో ఇక్కడే మొదలైన విశాలాంధ్ర దినపత్రికతో ఆరంభించి, 1960లో వచ్చిన ఆంధ్రజ్యోతి వరకు చూడవచ్చు; వేటపాలెంలోని సారస్వత నికేతనం పాత పత్రికలకు పేరుపొందిన గ్రంథాలయం కనుక అక్కడికీ వెళ్లడం మేలు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు దక్కిన కాలాన్ని, 1954లో ప్రకాశం మంత్రివర్గం అవిశ్వాస తీర్మానంతో పడిపోయిన రోజులను ఎంచుకుంటే, అల్లరికీ అనిశ్చితికీ కొదవ ఉండదు.

మాటను ఒంటరిగా కాక, దాని క్రియతో కలిపి రాసుకోవాలి. ‘చెలరేగింది’ అంటే చెవికి వినిపించే గొడవ. ‘పడ్డారు’ అంటే దిక్కుతోచనితనం. ‘సృష్టించారు’ అంటే, నా దృష్టిలో, విలేఖరి అప్పటికే ఎవరిదో తప్పని తీర్పు చెప్పేశాడు. ‘ఏర్పడింది’ మాత్రం బాధ్యుడిని మరుగుపరుస్తుంది, అందుకే దానిని ఎక్కువగా అనుమానించాలి.

శీర్షికలోని ప్రయోగాన్ని వార్తలోని ప్రయోగంతో కలిపి లెక్కించకూడదు, ఎందుకంటే శీర్షిక రాసేది సాధారణంగా సభకు వెళ్లిన విలేఖరి కాదు, డెస్కులోని ఉపసంపాదకుడు. తేదీ, పుట, పూర్తి వాక్యం తప్పక నమోదు చేయాలి.