గృహకూటంలో ‘దేవుని కృప, మన ఇష్టం’ పాఠం నడిపే తీరు

ఈ పాఠానికి గంట చాలదు, గంటన్నర పెట్టుకోండి. ఊడ్పులు, కోతల రోజుల్లో వద్దు. పొలం నుంచి వచ్చినవాళ్లు రాత్రి ఎనిమిదింటికే తూగుతుంటారు. పన్నెండు మంది దాటితే రెండు కూటాలు చేయండి. శ్రీకాకుళం, ఆమదాలవలస వైపు ఒకే చుట్టరికంలో బాప్టిస్టులూ, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లూ, పెంతెకొస్తు వాళ్లూ ఉంటారు కాబట్టి ‘మా సంఘం ఏమంటుందంటే’ అని మొదలుపెట్టకండి. వాక్యం తెరవండి.

చదవాల్సినవి నాలుగే: ఎఫెసీ 2:1–10, ఫిలిప్పీ 2:12–13, యోహాను 6:44, యోహాను 11:38–44. ఫిలిప్పీ భాగాన్ని రెండుసార్లు చదివించండి. చాలామంది 12వ వచనంలో ‘మీ సొంత రక్షణను కొనసాగించుకొనుడి’ దగ్గరే ఆగిపోతారు. 13వ వచనం ‘ఎందుకనగా’ అని మొదలవుతుంది. పాఠమంతా ఆ మాట మీదే నిలబడి ఉంది. ఇష్టం పుట్టించేదీ, పని చేయించేదీ దేవుడే కాబట్టి మనం కదలగలం అంటున్నాడు పౌలు. ఆయన చేస్తున్నాడు గనుక మనం కూర్చోవచ్చు అనడం లేదు.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: ‘దేవుడే అన్నీ చేసీస్తే మరి మనం చెయ్యాల్సిందేటి?’ మంచి ప్రశ్న. తొందరపడి జవాబు చెప్పకండి. నాగావళి వరదలో కొట్టుకుపోతున్నవాడికి తాడు విసిరారు, వాడు పట్టుకున్నాడు అనే పోలిక మన దగ్గర బాగా వాడుకలో ఉంది. దాన్ని వాడకండి. అందులో ఆఖరి బలం పట్టుకున్నవాడి చేతిదైపోతుంది. ఎఫెసీ 2:1 ‘చచ్చినవారై’ అంటోంది, శవం తాడు పట్టుకోదు.

దానికి బదులు లాజరు దగ్గరికి తీసుకెళ్లండి, నెమ్మదిగా. సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. రాయి తీసింది మనుషులు, పిలిచింది యేసు. కాళ్లూ చేతులూ కట్టి ఉండగానే లాజరు బయటికి వచ్చాడు. నడిచింది ఎవరు? లాజరే, అతని బదులు ఇంకొకరు నడవలేదు. ఆ నడక ఎక్కడి నుంచి వచ్చింది? పిలుపు నుంచి. ‘అతని కట్లు విప్పి పోనియ్యుడి’ అన్న పని మళ్లీ పక్కవాళ్లదే. ఈ రెండు ప్రశ్నలూ అడిగి ఊరుకోండి, జవాబులు వాళ్ల నోటినుంచే రావాలి.

‘దేవుడు సగం, నేను సగం’ అని ఎవరైనా వాటాలు వేస్తే అక్కడే ఆపండి. ఇది పాత గొడవే. మనిషి తన సంకల్పబలంతోనే పాపం లేకుండా బతకగలడన్న పెలాగియస్ బోధను 418లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో కూడిన సంఘ పెద్దల సభ తోసిపుచ్చింది. విశ్వాసం మొదలవడం కూడా కృపవల్లనేనని 529లో ఫ్రాన్స్‌లోని ఆరెంజి సభ తేల్చింది. ఆ తర్వాత 1618–19లో నెదర్లాండ్స్‌లోని డార్ట్ సభలో పేచీ వేరు: కృపను మనిషి కాదనగలడా, లేదా అని. కాదనలేడనే కాల్విన్ పక్షం, కాదనగలడనే అర్మీనియస్ పక్షం ఇప్పటికీ అక్కడే విడిపోతాయి. కృపే ముందు అన్నదాంట్లో మాత్రం రెండు పక్షాలకూ తేడా లేదు. ఆ తగువును మీ కూటంలో ఒక్క రాత్రిలో తేల్చాలని చూడకండి, గంటన్నరా దానికే పోతుంది.

ఎఫెసీ 2:8–9 చదివి 10ని వదిలేస్తే ‘ఎలా బతికినా కృప ఉందిలే’ అనేవాళ్లు తయారవుతారు. సత్క్రియల మాట ఉన్నది ఆ వదిలేసిన వచనంలోనే.

అంతకంటే జాగ్రత్తగా చూడాల్సింది, ఏమీ మాట్లాడకుండా వెనక కూర్చున్నవాళ్లను. తండ్రి ఆకర్షిస్తేనే గాని ఎవడూ నా దగ్గరికి రాలేడని యేసు చెప్పిన యోహాను 6:44 విన్నాక ‘తండ్రి నన్ను ఆకర్షించలేదేమో’ అన్న భయం కొందరిలో మొదలవుతుంది. ప్రార్థన అయ్యాక అలాంటివాళ్లు ఆలస్యంగా లేస్తారు. వాళ్లకు అదే అధ్యాయంలో 37వ వచనం చూపించండి: ‘నాయొద్దకు వచ్చువానిని నేను ఎంతమాత్రమును బయటికి త్రోసివేయను.’ రావాలన్న ఆశ మనసులో ఉందంటే ఆకర్షణ మొదలైనట్టేనని విప్పి చెప్పండి. వచ్చే వారానికి వాయిదా వేయకండి, ఆ రాత్రే చెప్పి పంపండి.