అక్షరాల తారుమారు పోటీ పెడుతున్నారా?

ముందు ఒక్క నియమం తేల్చేయండి: గుణింతం, ఒత్తు, సున్నా తమ అక్షరం వెంటే కదలాలి. ‘శ్రీకాకుళం’ అంటే నాలుగే అక్షరాలు. ఇది చెప్పకపోతే మొదటి ప్రశ్నకే గొడవ.

ఊళ్ల పేర్లు బాగుంటాయి గానీ చూసి ఎంచుకోవాలి. ‘ల స దా వ ఆ ల మ’ అని ఇస్తే సిక్కోలు (శ్రీకాకుళం) వాళ్లు ఇట్టే ఆమదాలవలస అనేస్తారు. అచ్చు మాట మొదట్లోనే వస్తుంది కాబట్టి ‘ఆ’ గుట్టు విప్పేస్తుంది. ‘ల క ప’కు కలప, పలక రెండూ సరైనవే, రెంటికీ మార్కు వేయాలి. ‘విజయనగరం’లోంచి చిన్న మాటలు ఏరమనడం ఇంకా రుచి. నగరం వెంటనే దొరుకుతుంది. విజయ, వినయ లాంటి పేర్లు చెల్లుతాయో లేదో ముందే చెప్పాలి.

పది ప్రశ్నలకు 15 నిమిషాలు చాలు. జవాబులు వాట్సాప్ గ్రూపులో వద్దు, చూసి రాసేస్తారు. గూగుల్ ఫామ్ అయితే ఎవరు ముందో సెకన్లతో సహా తెలుస్తుంది.